సరిహద్దు తగవులలో కంప్యూటరు నమూనా

పొలము గట్టు తగాదా పంచాయతీ ముందుకు వచ్చినపుడు, మాటలతో తెగనిది సర్వేయరు గొలుసు లాగి రాళ్లు చూపిన పిదప తరచు తెగుట సభ్యులెరిగినదే. ఇరుపక్షముల వారు ఒకే కొలతను కన్నులార చూచుట అందలి కీలకము. దేశములు తగవులాడు చోట కొండలు, నదులు, వందల మైళ్ల నేల అడ్డు వచ్చును. అచ్చట గొలుసు చాలదు. అట్టి నేలనే కంప్యూటరులో నమూనాగా నిర్మించి ఉభయులకు చూపు పద్ధతి 1995లో బోస్నియా సంధికి అక్కరకు వచ్చినది.

బోస్నియా ఐరోపాలో పూర్వపు యుగోస్లావియాకు చెందిన దేశము. 1992 నుండి 1995 వరకు అచ్చట జరిగిన యుద్ధములో సుమారు లక్షమంది మరణించిరి. 1995 నవంబరు 1న అమెరికాలోని డేటన్ నగరము చెంత ఒక వైమానిక స్థావరములో చర్చలు మొదలైనవి. బోస్నియా అధ్యక్షుడు ఇజెత్‌బెగోవిచ్, పొరుగు దేశములైన సెర్బియా, క్రొయేషియాల అధ్యక్షులు మిలోసెవిచ్, తుజ్‌మన్ వచ్చిరి. మధ్యవర్తి అమెరికాకు చెందిన హోల్‌బ్రూక్. బోస్నియా ఒకే రాజ్యముగా నిలిచి, లోపల రెండు విభాగములు కావలెననియు, ముస్లిములు, క్రొయేటులు కలిసిన సమాఖ్యకు నూటికి 51 పాళ్లు, సెర్బులకు 49 పాళ్లు భూమి అనియు ముందే సూత్రము కుదిరియుండెను. ఏ గుట్ట ఎవరిదన్నదే చిక్కు.

ద్రీనా నదీతీరమున గొరాజ్దె పట్టణము బోస్నియా ప్రభుత్వము చేతిలోనే యున్నను, చుట్టును సెర్బు సేనలు. రాజధాని సరయేవోకు దానిని కలుపు దారి కావలెను. సెర్బుల పక్షమున మాటలాడిన మిలోసెవిచ్ మిక్కిలి సన్నని పట్టీ మాత్రమే ఇచ్చెదననెను. అపుడు అమెరికా అధికారులు పవర్‌సీన్ అను కంప్యూటరు ఏర్పాటును చూపిరి. నేల ఎత్తుపల్లముల అంకెలను యంత్రమున కిచ్చి, ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములను వానిపై దుప్పటివలె పరచుదురు. చూచువాడు పిడిని కదల్చుచు, విమానములో పోవునట్లు లోయ వెంబడి పోవచ్చును. ఆ పట్టీలో కొండలే గాని రోడ్డు వేయదగిన చోటు లేదని తెరపై కనబడినది. మనిషికి బదులు చెప్పవచ్చును, కొండకు చెప్పలేము గదా! మిలోసెవిచ్ దారి వెడల్పునకు ఒప్పుకొనెను. ఆ రాత్రి విస్కీయు ధారాళముగా నడచినదని మధ్యవర్తులే వ్రాసియున్నారు. కనుక ఘనత అంతయు యంత్రమునకే కట్టరాదు.

ఇట్లు ముక్కముక్కగా ఇచ్చిపుచ్చుకొనిన పిదప విస్తీర్ణములు కూడి చూడగా సమాఖ్య వాటా 55 పాళ్లకు చేరియుండెను. మిలోసెవిచ్ మండిపడెను. క్రొయేటులు అభ్యంతరపెట్టినను, తుదకు పశ్చిమమున జనము పలుచనైన కొండనేల సెర్బులకు మరల్చి 51-49 నిలిపిరి. కూడిక యంత్రము చేసినది. ఎవరు ఏ ముక్క వదలవలెనో మనుష్యులే రాత్రింబవళ్లు తేల్చుకొనిరి.

బర్చ్కో పట్టణము విషయమున నమూనా పనికిరాలేదు. సెర్బుల రెండు భూభాగములను కలుపు ఇరుకు లంకె అదియే. సమాఖ్యయు దానిని వదలదు. దానిని మధ్యవర్తుల తీర్పునకు విడిచి నవంబరు 21న ఒప్పందము కుదుర్చుకొనిరి. డిసెంబరు 14న పారిస్‌లో సంతకములైనవి. 1999 తీర్పు ప్రకారము బర్చ్కో ఉభయులకు చెందిన ప్రత్యేక జిల్లా అయినది.

గీతను నేలపైకి దించుట వేరొక పని. 1:50,000 పటముపై ఒక మిల్లీమీటరు గీత నేలపై 50 మీటర్లు. ఒక వీధియు, దాని ఇరువైపుల ఇండ్లును అందులో మునిగిపోవును. సరయేవో శివారైన దొబ్రిన్యాలో సరిహద్దు గీత నివాస భవనముల నడుమనే పోయినది. 2001 ఏప్రిలులో ఒక మధ్యవర్తి తీర్పు చెప్పువరకు ఆ తగవు తెగలేదు.