కల్లమ్మిన శరణుడు – మద్యవిముక్తి సత్సంగము

హెండద మారయ్య 12వ శతాబ్దమున బసవేశ్వరుని సమకాలికుడైన శరణుడు. హెండ యనగా కన్నడమున కల్లు. కల్లమ్మి జీవించిన యీతడు ధర్మేశ్వరలింగ అంకితముతో వచనములు చెప్పెను. శరణసాంగత్యమున మనసు మారి, తన యంగడికి వచ్చినవారికే మద్యపాన దోషమును బోధించెనని సంప్రదాయము చెప్పుచున్నది. శరణు లాతనిని వాకిట నిలుపలేదు. లోనికి పిలిచి తమలో కూర్చుండబెట్టుకొనిరి. అల్లమప్రభువు అధ్యక్షత వహించిన అనుభవమంటపమున చెప్పులు కుట్టిన హరళయ్య, పడవ నడిపిన అంబిగర చౌడయ్య, బట్టలుతికిన మడివాళ మాచయ్య వంటివారు తమ తమ అనుభవమును ఒకరికొకరు చెప్పుకొనిరి.

దేవరకొండ సీమలోని లింగవంతుల యిండ్లలో నేడీ విషయమును స్మరింపవలసిన యవసరము కలదు. లింగధారికి మద్యము నిషిద్ధము. నిషిద్ధమగుటచేతనే అది యింట జొరబడినపుడు అందరును దానిని దాచుదురు. జంగమయ్య పాదపూజకు వచ్చిన దినమున యజమానుడు లోపలి గదిలో పడియుండును. "ఆయనకు జ్వరమయ్యా" అని ఇల్లాలు చెప్పును. అయ్యవారికి సంగతి తెలియును; తెలిసియు విభూతి యిచ్చి వెడలిపోవును. ఇట్లు ఏండ్లు గడచును. పొలము తాకట్టు పడిన పిదపగాని మాట బయటికి రాదు.

బయటికి వచ్చిన తరువాత పెద్దలు సాధారణముగా చేయు పని యొకటి కలదు. శివరాత్రినాడు మఠమునకు తీసికొనిపోయి, ఇష్టలింగము సాక్షిగా ఆ క్షణమునుండి ముట్టనని ప్రమాణము చేయింతురు. ఉద్దేశము మంచిదే. కాని ఏండ్ల తరబడి ప్రతిదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానిన యెడల, మొదటి మూడు నాలుగు దినములలో చేతులు వణకుట, మూర్ఛలు, లేనివి కనబడుట, మతి తప్పుట కలుగవచ్చును, ప్రాణమే పోవచ్చును. తెలంగాణమున కొన్నిచోట్ల కల్లులో డైజెపామ్, ఆల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుట పలుమారులు బయటపడినది. అట్టి కల్లుకు అలవాటుపడినవానికి ఆ యపాయము మరింత యెక్కువ. కావున ప్రమాణమునకు ముందు వైద్యుని దర్శనము కావలయును. ఇది విశ్వాసలోపము కాదు. ఆ దినములలో వైద్యుడు తగిన మందులతోపాటు బి1 విటమిను కూడ ఇచ్చి రోగిని కనిపెట్టియుండును.

మందు శరీరమును నిలుపును. ఇంటికి వచ్చిన తరువాతి సాయంకాలముల మాటయేమి? ఇందులకే 1935 జూన్ 10న అమెరికాలోని ఏక్రన్ నగరమున బిల్ విల్సన్ అను వ్యాపారియు, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడును ఒక మార్గము ప్రారంభించిరి. ఇరువురును త్రాగుడుచే చెడినవారే. త్రాగుబోతు మాట త్రాగుబోతే వినునని వారు గ్రహించిరి. ఆ సంఘమే ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏ.ఏ. 1957లో బొంబాయిద్వారా అది మన దేశమునకు వచ్చినది. త్రాగుట మానవలెనను కోరిక తప్ప ప్రవేశార్హత వేరేమియు లేదు, రుసుము లేదు, ఇంటిపేరు అడుగరు. అక్కడ ఎవరిని చూచినది, ఏమి విన్నది బయట చెప్పరాదు. కుటుంబములవారికి 1951లో ఏర్పడిన అల్-అనాన్ వేరుగా కలదు. జ్వరమని చెప్పి అలసిన ఇల్లాలు అచ్చట నిజము చెప్పుకొనవచ్చును. 2020లో కోక్రేన్ సంస్థ 27 పరిశోధనలను, వానిలోని 10,565 మంది వృత్తాంతములను సమీక్షించి, పూర్తిగా మానియుండు విషయమున ఈ మార్గము ఇతర చికిత్సలకంటె తరచుగా మేలైన ఫలితమిచ్చుచున్నదని తెలిపినది.

కొన్ని కూడికలు చర్చి గదులలో జరుగుట చూచి మనవారు సంకోచింతురు. అది అద్దె గది మాత్రమే. సంఘమునకు ఏ మతముతోను సంబంధము లేదు. తనకంటె గొప్పదైన శక్తిని ఎవరికి తెలిసినట్లు వారు భావింపవచ్చునని చెప్పుదురు గనుక, లింగవంతుడు తన కరస్థలమునందలి ఇష్టలింగమునే భావించుకొనవచ్చును.

దేవరకొండవారు వెదకవలసిన విధమిది. మొదట 14446 సంఖ్యకు ఫోను చేయవలెను; ఇది మత్తు విడిపించుటకై కేంద్ర ప్రభుత్వమేర్పరచిన ఉచిత సహాయ సంఖ్య. మనోవ్యాధులకు 14416 కలదు. చికిత్సకు నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలోని మానసిక వైద్యుని గాని, హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యాలయమును గాని ఆశ్రయింపవచ్చును. జంటనగరములలో ఏ.ఏ. కూడికలు జరుగుచున్నవి. వేళలు, స్థలములు మారుచుండును గనుక సంఘము వారికి ముందుగా ఫోను చేసి తెలిసికొని, మాల్, ఇబ్రహీంపట్నము మీదుగా పోవు బస్సు నెక్కవలెను. సుమారు 110 కిలోమీటర్ల దూరము. ప్రతివారము అంతదూరము పోలేనివారికి ఫోనులోనే జరుగు కూడికలు కలవు. చిన్న ఊరిలో తెలిసినవారి కంట పడుదుమను భయమున్నవారికి ఇదియే సులువు. మొదటిసారి మాత్రము తోడుగా నొకరు, బావమరిదియో అన్నయో, వాకిలిదాక పోవుట మేలు.

దగ్గరలో కూడిక లేనిచోట మఠములు చేయగల పని యున్నది. మానదలచిన వారిద్దరు కలిసినను కూడిక యగును. వారికి వారమునకొక సాయంకాలము ఒక గది కావలెను. అచ్చట మఠము ప్రవచనము చేయరాదు, ఎవరు వచ్చిరో వ్రాసికొనరాదు. గదిని దాసోహముగా నిత్తుమని మఠాధిపతులు అనవచ్చును. కాని బయటివారి విరాళము తీసికొనక తమ ఖర్చు తామే భరింపవలెనని ఆ సంఘము నియమము. కాయకము చేయక తినరాదన్న శరణుల వారసులకు ఈ పట్టుదల క్రొత్త కాదు. చాపల మీద కూర్చున్నవారు పళ్లెములో వేసిన పది యిరువది రూపాయలను అద్దెగా స్వీకరించి రసీదు వ్రాసి యిచ్చుటయే తగును.