డిస్క్ కొనే ముందు

ఎల్లారెడ్డిపేట

అల్లుడా,

మీ నాయిన బుల్లెట్టుకు ముందు డ్రమ్ము పీకేసి డిస్క్ బ్రేకు పెట్టిద్దామని చూస్తున్నవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కరీంనగర్‌లో ఎవరో కిట్టు మొత్తం తెచ్చి ఒక్కపూటలో బిగించి ఇస్తనన్నడట. నీ ఈడు పిలగాళ్లు చేతిలో నాలుగు పైసలు పడంగనే ముందు సైలెన్సర్ మారుస్తరు. నీకు బండి ఆపుకునే ముచ్చట ముందుగ తట్టింది, అందుకు సంతోషం.

డిస్క్ వద్దని రాస్తలేను. వరుస మార్చమని రాస్తున్న. డిపో గ్యారేజీలో బ్రేకుల కాడ పని చేసిన మనిషిని కాబట్టి ఇంత పొడుగు ఉత్తరం రాసే చనువు తీసుకుంటున్న. కొత్త బ్రేకు పెట్టాల్నా అనేది రెండో ప్రశ్న. ఉన్న బ్రేకు తన బలమంతా ఇస్తున్నదా అనేది మొదటిది. మొదటిదానికి జవాబు దొరకకుండ రెండోదానికి పైసలు పెట్టుడంటే, కాలువకు గండ్లు అట్లనే ఉంచి ఐదు హెచ్‌పీ మోటరు తీసి ఏడున్నర పెట్టినట్టు.

ముందుగాల ముందు బ్రేకు మీద మన ఊర్లల్లో ఉన్న భయం సంగతి. "ముందుది పడితే పల్టీ కొడతది" అని మన దిక్కు సగం మంది కాలి బ్రేకు మీదనే బతుకుతరు. బ్రేకు పట్టంగనే బరువంతా ముందుకు ఒరుగుతది. ముందు టైరు రోడ్డును గట్టిగ పట్టుకుంటది, వెనుక టైరు తేలికైతది. అందుకే పొడి తారు రోడ్డు మీద ఆపే పనిలో మూడింట రెండు వంతులకు పైగా ముందు చక్రమే చేస్తది. వెనుకదాన్ని ఎంత తొక్కినా అది లాకై జారుడు తప్ప ఫాయిదా ఉండదు. పల్టీలు అయ్యేది ముందు బ్రేకు పట్టుడుతోని కాదు, ఒక్కసారి గుంజుడుతోని.

ఇంకో లెక్క చూడు. గంటకు 60 కిలోమీటర్ల మీద పోతుంటే సెకనుకు దగ్గర దగ్గర 17 మీటర్లు పోతవు. గేదె అడ్డం వచ్చిందని కన్ను చూసి వేళ్లు కదిలేలోపే ఆ 17 మీటర్లు అయిపోతయి. అక్కడి నుంచి, వెనుక బ్రేకుతోనే నెట్టుకొచ్చే మనిషికి ఇంకో 45 మీటర్ల పైన కావాలె. రెండు బ్రేకులూ కలిపి మంచిగ పట్టేవానికి 28, 30 మీటర్లు చాలు. వేగం రెండింతలైతే బ్రేకు పట్టినంక ఆగే దూరం నాలుగింతలు. ఇది ఏ కంపెనీ బ్రేకు పెట్టినా మారని లెక్క.

ఇగ మన బండి సంగతికొద్దాం. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలుపెట్టిన బండికి ఇది వారసురాలు. పాత స్టాండర్డు 350. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇంజను బలం 18 హార్స్‌పవర్, ఒంటి బరువు 160 కిలోల పైమాటే. ముందు చక్రంలో 6 అంగుళాల డ్రమ్ము, అందులో రెండు షూలు, వాటిని తెరిచే కామ్ ఒక్కటి. చక్రం తిరిగే దిక్కును బట్టి ఒక షూను డ్రమ్మే లోపలికి గుంజుకుంటది, అది గట్టిగ కరుస్తది. రెండోదాన్ని డ్రమ్ము నెట్టేస్తది, అది పేరుకే పని చేస్తది. అంటే కొత్తగా ఉన్నప్పుడు కూడా అది మెత్తటి బ్రేకే. ఇన్నేండ్లలో ఆ మెత్తటిదాంట్లో సగం ఎక్కడెక్కడనో కారిపోయి ఉంటది. ఎక్కడెక్కడ పోయిందో చేతి నుంచి టైరు దాకా వరుసగా వెతుకు.

మొదలు కేబుల్. లోపలి తీగల్లో ఒక్క పోగు తెగినా మొత్తం మార్చు. పై గొట్టం ముసలిదైతే లివర్ గుంజినప్పుడు అదే నలిగి కురచైతది, నీ వేళ్ల బలం అండ్లనే పోతది. హ్యాండిల్ ఆ కొసకూ ఈ కొసకూ తిప్పితే ఎక్కడా మడత పడొద్దు. కొత్త కేబుల్ వెయ్యి రూపాయలు కూడా కాదు, కానీ లివర్ పట్టంగనే తేడా తెలుస్తది.

రెండోది చక్రం కాడ కామ్ చేయి. బ్రేకు పూర్తిగ పట్టినప్పుడు కేబులూ ఆ చేయీ లంబంగ రావాలె. షూలు అరిగినకొద్దీ అడ్జస్టరు తిప్పుకుంటనే పోతే ఆ చేయి లంబం దాటిపోతది. అప్పుడు ఎంత గుంజినా బలం పక్కకే పోతది. అట్లుంటే షూలు మార్చే టైము వచ్చిందని అర్థం. కామ్ ఇరుసుకు రవ్వంత గ్రీజు పెట్టు, ఎక్కువైతే వేడికి కరిగి లైనర్ల మీదికి పోతది.

మూడోది డ్రమ్మూ లైనర్లూ. అసలు కథ ఇక్కడ ఉంటది. కొత్త షూలు డబ్బాలోంచి తీసి బిగిస్తే అవి డ్రమ్మును నడిమధ్యనో కొసలకో తాకుతయి, మొత్తం తాకవు. డ్రమ్ము లోపల సుద్దముక్కతో రుద్ది, చక్రం పెట్టి, తిప్పి బ్రేకు పట్టు. విప్పి చూస్తే లైనరు మీద తెల్లగ అంటినంత మేరకే అది పని చేస్తున్నదన్నట్టు. మిగిలిందంతా చూసేటందుకే. డ్రమ్ము వొంపుకు సరిపోయేటట్టు లైనర్లను లేతు మీద సాపు చేయించు. డ్రమ్ము గుండ్రంగ లేకుంటే లివర్ చేతిలో కొట్టుకుంటది. డ్రమ్ము కోయించాలంటే స్పోకులన్నీ బిగించి, రిమ్ముతో సహా లేతెక్కించాలె. స్పోకుల గుంజుడుకే హబ్బు ఆకారం మారుతది కాబట్టి, ఉత్త హబ్బును కోసి తర్వాత రిమ్ము అల్లితే మొదటికొస్తది. కంపెనీ చెప్పిన హద్దు దాటి మాత్రం కోయించొద్దు.

చక్రం తిరిగి బిగించేటప్పుడు ఒక చిన్న పని చాలామంది మరుస్తరు. ఇరుసు నట్టు వదులుగ ఉంచి, చక్రం తిప్పి, బ్రేకు లివర్ గట్టిగ పట్టుకొని, అట్లనే పట్టుకొని నట్టు బిగించాలె. అప్పుడు బ్రేకు ప్లేటు డ్రమ్ము నడిమధ్యకు వచ్చి కూర్చుంటది, రెండు షూలూ సమంగ తాకుతయి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఈ పనులన్నీ అయినంక కొన్నాళ్లు నడుపు. లైనర్లు కుదురుకున్నంక కూడా చాలలేదనిపిస్తే అప్పుడు బ్రేకు పెద్దది చేద్దాం. అప్పుడు కూడా రెండు దారులున్నయి.

ఒకటి, తర్వాతి బుల్లెట్లకు కంపెనీయే పెట్టిన 7 అంగుళాల డ్రమ్ము. దీనికి కామ్‌లు రెండు. రెండు షూలనూ డ్రమ్ము లోపలికే గుంజుకుంటది, కాబట్టి అదే వేలి బలానికి పట్టు చానా పెరుగుతది. హబ్బూ ప్లేటూ జతగా తెచ్చుకోవాలె, రిమ్ము మళ్ల అల్లించాలె. ప్లేటు తిరగకుండ ఫోర్కు కాలుకు పట్టే చోటు సరిగ్గ కూర్చున్నదా, ఒకటికి రెండుసార్లు చూడాలె. ఆ పట్టు ఊడితే ప్లేటు చక్రంతో పాటు తిరిగి కేబుల్‌ను చుట్టేసుకుంటది, మనిషి హ్యాండిల్ మీదుగ ఎగిరి పడతడు. రెండు కామ్‌లను కలిపే కడ్డీ పొడుగే ఈ బ్రేకుకు ప్రాణం. కడ్డీ ఊడదీసి, రెండు చేతులనూ షూలు డ్రమ్మును తాకేదాకా వేలితో నొక్కి, ఆ దూరానికి సరిగ్గ కడ్డీని సర్దాలె. లేకుంటే ఒక షూ పని చేస్తది, రెండోది చూస్తది. దీనికి ఒక లోపం కూడా ఉన్నది. ఎత్తు మీద ఆగి వెనక్కి జారేటప్పుడు ఇది దాదాపు పట్టదు, అక్కడ కాలి బ్రేకు తొక్కాలె.

రెండోది నువ్వు అడుగుతున్న డిస్క్. దాని గొప్పతనం కాదనలేం. వేడిని బయటికే వదులుతది, వానలో తొందరగా ఆరుతది, కేబుల్ సర్దే పని ఉండదు. నిర్మల్ దాటినంక మహబూబ్ ఘాట్ లాంటి దిగుడులో డ్రమ్ము వేడెక్కి పట్టు తగ్గుతది, డిస్క్ నిలబడుతది. కానీ నువ్వు రోజూ పోయేది సిరిసిల్ల మీదుగ కరీంనగర్, మన దిక్కు ఘాట్లు లేవు. అందుకే ముందు డ్రమ్మును సరిచేసుకోమని అంటున్న.

డిస్క్ పెడితే మొత్తం సెట్టుగ పెట్టు. డిస్క్‌తో వచ్చిన ఎన్‌ఫీల్డ్ బండిదే ఫోర్కు కాళ్లు, హబ్బు, ఇరుసు, 280 మిల్లీమీటర్ల డిస్క్, క్యాలిపర్, మాస్టర్ సిలిండర్, పైపు, అన్నీ ఒకే మోడలువి కావాలె. పాత ఫోర్కు కాలుకు క్యాలిపర్ కోసం ముక్క వెల్డింగ్ పెట్టిస్తమనే మనిషి దుకాణంలోంచి అప్పుడే బయటికి రా. మన దగ్గర ట్రాలీకి, నాగలికి, గేటుకు వెల్డింగ్ చేసే చేతులు మంచివే, కానీ బ్రేకు పట్టినప్పుడు ఆ ముక్క మీద బండీ మనిషీ బరువంతా వచ్చి పడతది.

మాస్టర్ సిలిండర్ "ఏదైనా నడుస్తది" అంటే నమ్మకు. నీ వేలి బలాన్ని ఒత్తిడిగ మార్చేది దాని పిస్టన్ సైజే. 11 మిల్లీమీటర్ల దాని చోట 14ది పెడితే వైశాల్యం ఒకటిన్నర రెట్ల పైన పెరుగుతది, అంటే అదే వేలి బలానికి ఒత్తిడి అంతమేరకు తగ్గుతది. లివర్ రాయిలెక్క గట్టిగ తగిలి, "అబ్బా ఎంత గట్టి బ్రేకు" అనిపిస్తది, బండి మాత్రం ఆగదు. మరీ చిన్నది పెడితే లివర్ హ్యాండిల్‌కు తాకుతది. క్యాలిపర్‌తో పాటు కంపెనీ ఇచ్చిన జతే వాడు.

బ్రేకు ఆయిల్ డబ్బా మీద డాట్ 3నో డాట్ 4నో రాసి ఉంటది, మాస్టర్ సిలిండర్ మూత మీద ఏది రాసుంటే అదే పొయ్యి. ఇది గాలిలో తేమను పీల్చుకుంటది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినంక 155 కాడనే మరుగుతది. మరిగితే లోపల ఆవిరి, లివర్ మెత్తబడి చేతికి ఏం తగలదు. అందుకే రెండేండ్లకోసారి మార్చు, సగం వాడిన డబ్బా దాచిపెట్టకు. రంగు మీద పడితే రంగు లేచిపోతది, వెంటనే నీళ్లతో కడుగు. పైపు విప్పినప్పుడల్లా రాగి వాషర్లు కొత్తవి వెయ్యి. ఎయిర్ పూర్తిగ తీసినంకనే బండి కదిలించు.

బ్రేకు ఎంత పెద్దదైనా చివరికి ఆపేది టైరే. ముందు టైరు గట్టిపడి పగుళ్లు తేలితే డిస్క్ పెట్టినా జారుడు తప్ప ఆగుడు ఉండదు. కోన్‌సెట్‌లో ఆట ఉంటే బ్రేకు పట్టంగనే హ్యాండిల్ కొట్టుకుంటది. ఫోర్కు ఆయిల్ ఎండిపోయి ఉంటే ముందు భాగం ఒక్కసారి కూలబడతది. ఈ మూడూ సరిచెయ్యకుండ బ్రేకు బలం పెంచితే ఉన్న ప్రమాదం ఎక్కువైతది. బ్రేకు నిజంగనే చాలని బండి సంగతి కూడా చెప్త. 1983లో మన దేశంలో రాజ్‌దూత్ 350 వచ్చింది. దాని మూలమైన జపాను యమహాకు ముందు డిస్క్ ఉండె, మన దగ్గర డ్రమ్ము పెట్టిన్రు. ఇంజను దౌడు ముందు ఆ బ్రేకు చాలదని దాన్ని నడిపినోళ్లు ఇప్పటికీ చెప్పుకుంటరు. నీ బండికి ఆ కష్టం లేదు, 18 హార్స్‌పవర్‌కు మంచిగ సర్దిన డ్రమ్ము సరిపోతది. 80 మీద నడపాలనిపించిన రోజు మాత్రం బ్రేకు కాదు, బండే మార్చుకో.

కాయితాల సంగతి కూడా చూసుకో. ఏపీ 15 నంబరు పాత బండి, 15 ఏండ్లు ఎప్పుడో దాటింది, ఐదేండ్లకోసారి రెన్యువల్‌కు తీసుకపోయి చూపించాలె. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగ బండిని మార్చొద్దని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఏ పని చేయించే ముందైనా రవాణా ఆఫీసులో అడుగు, ఇన్సూరెన్సోళ్లకు చెప్పు, కంపెనీ సామాను బిల్లులు భద్రంగ ఉంచు. అదే 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసిన్రు. నువ్వు పెట్టించే డిస్క్‌కు ఏబీఎస్ రాదు. చక్రం లాకైతే వదిలే పని నీ వేళ్లే చెయ్యాలె.

ఆ వేళ్లకు పని నేర్పు. బళ్లె మైదానం ఖాళీగ ఉన్నప్పుడు 20 మీద, తర్వాత 30 మీద పోతూ రెండు బ్రేకులూ కలిపి పట్టు. ముందుది మొదలు మెల్లగ, బరువు ముందుకు వచ్చినంక గట్టిగ. మూల తిరగకముందే వేగం తగ్గించు. కోతల కాలంలో ఎల్లారెడ్డిపేట నుంచి కామారెడ్డి రోడ్డు మీద సగానికి వడ్లు ఆరబోసి ఉంటయి, పక్కన రాళ్లు పేర్చి ఉంటయి. ట్రాక్టరు పొలంలోంచి తెచ్చిన బురద తారు మీద అంటి ఉంటది. అక్కడ ఏ బ్రేకూ పని చెయ్యదు, డిస్క్ అయితే ఇంకా తొందరగా చక్రాన్ని లాక్ చేస్తది. వడ్లు కనపడంగనే, ఇంకా వాటి మీదికి పోకముందే, వేగం దించుకో. రాత్రిపూట ఆ రాళ్లు లైటుకు ఆనవు, 40 దాటకు.

ముందు ఈ డ్రమ్ము పని చేయించు. కేబుల్, షూలు, లేతు కూలి, టైరు, ఫోర్కు ఆయిల్, అన్నీ కలిపినా కిట్టు ధరలో కొంతే అయితది. చేయించినంక నేనొచ్చి నడిపి చూస్త. 60 మీద ఆపితే ఇంకా చాలలేదని నాకు కూడా అనిపిస్తే, కంపెనీ సెట్టు డిస్క్‌కు పడే పైసల్లో సగం నేను పెడత. మీ అమ్మకు ఈ మాట ఇప్పుడే చెప్పకు.

ఉంట,
మీ మామ

తా.క.: పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ము విప్పినప్పుడు దుమ్మును నోటితో ఊదొద్దు, గాలి పైపు పెట్టనియ్యొద్దు. మూతికి మంచి డస్ట్ మాస్కు పెట్టుకొని తడిగుడ్డతో తుడువు, ఆ గుడ్డ సంచిలో కట్టి పారెయ్యి. మెకానిక్ నవ్వినా సరే.