అలర్జీనా, జలుబా? తేడా తెలిస్తే మార్కు మీదే!

తుమ్ములు రెండింటిలోనూ వస్తాయి, కారణాలే వేరు. జనరల్ సైన్స్‌లో ప్రశ్నలు వచ్చేది ఇక్కడే.

• 'అలర్జీ' అనే పదాన్ని 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే ప్రవేశపెట్టారు.

• పుప్పొడి, దుమ్ము వంటివి పడనివారిలో ఐజీఈ ప్రతిదేహాల ద్వారా మాస్ట్ కణాలు ప్రేరేపితమై హిస్టమిన్‌ను విడుదల చేస్తాయి. ముక్కు కారడం, కళ్ల దురద దాని ఫలితమే.

• యాంటీహిస్టమిన్లపై కృషి చేసిన డేనియల్ బోవెట్‌కు 1957లో వైద్య నోబెల్ దక్కింది.

• చేలగట్లపై తెల్లపూలతో కనిపించే వయ్యారిభామ (పార్థీనియం హిస్టెరోఫోరస్) అమెరికా ఖండాల నుంచి వచ్చిన కలుపు. పుప్పొడితో ఉబ్బసం, తాకితే చర్మంపై దద్దుర్లు రావచ్చు. చేతి తొడుగులు వేసుకుని, పూత రాకముందే పీకేయాలి.

• జలుబుకు ఎక్కువగా రైనోవైరస్‌లే కారణం. వైరస్‌లపై యాంటీబయాటిక్స్ పనిచేయవు. సబ్బుతో చేతులు కడుక్కోవడమే మంచి నివారణ.

• గుర్తు: జలుబు సాధారణంగా 7-10 రోజుల్లో తగ్గుతుంది. అలర్జీ వారాల తరబడి ఉండొచ్చు. జ్వరం ఉండదు, దురద ఎక్కువ.

మాదిరి ప్రశ్న: అలర్జీతో ముడిపడిన ప్రతిదేహం ఏది?
1) ఐజీజీ 2) ఐజీఎం 3) ఐజీఈ 4) ఐజీడీ
జవాబు: 3