షోన్‌బర్గ్ పక్కన పెట్టిన స్కెర్జో

అమ్మలూ,

నాలుగు తీగవాద్యాలకు నువ్వు రాసిన క్వార్టెట్‌లో రెండో భాగం అతకలేదని నలుగురూ అన్నారట, మొత్తం చింపేస్తానంటున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చింపే ముందు ఒక వియన్నా కుర్రాడి సంగతి విను.

ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ సంగీత కళాశాల గడప తొక్కినవాడు కాదు. స్నేహితులతో కూర్చుని క్వార్టెట్లు వాయించడమే అతని చదువు. ఇంట్లో మేయర్ విజ్ఞాన సర్వస్వం వాయిదాల మీద కొనేవారు. సొనాటా ఎలా కడతారో తెలియాలంటే 'ఎస్' అక్షరం సంపుటం రావాలి. అది చేతికొచ్చేదాకా కాచుకుని కూర్చున్నానని పెద్దయ్యాక తనే చెప్పుకున్నాడు.

1895లో బ్యాంకు గుమస్తా ఉద్యోగం పోయింది. 1897లో డి మేజర్ క్వార్టెట్ రాసి అలెగ్జాండర్ జెమ్లిన్‌స్కీకి చూపించాడు. ఆయన మూడేళ్లే పెద్ద. పాలిహిమ్నియా అనే ఔత్సాహికుల ఆర్కెస్ట్రాను ఆయన నడిపేవాడు, అందులో షోన్‌బర్గ్ చెల్లో వాయించేవాడు. జెమ్లిన్‌స్కీ మొహమాటపడకుండా లోపాలు చెప్పాడు. షోన్‌బర్గ్ రెండో భాగంగా ఉన్న చురుకైన స్కెర్జోకి అతుకులు వెయ్యలేదు. దాన్ని పక్కన పెట్టి, ఆ చోట ఎఫ్ షార్ప్ మైనర్‌లో కొత్తగా ఇంటర్‌మెట్సో అనే భాగం రాశాడు.

అది విను, వెంటనే. అందులో పాట వయోలాది. మద్రాసు స్టూడియోల్లో ఏళ్ల తరబడి వయోలా వాయించినవాణ్ణి, నాకు తెలుసు: పైన వయొలిన్లకీ కింద చెల్లోకీ మధ్య ఖాళీ నింపడమే మా పని. ఇక్కడ మాత్రం వయోలా ముందుకొచ్చి పాడుతుంది, మిగతా మూడూ దాని కింద మెత్తగా పరుచుకుంటాయి. ఎన్నిసార్లు విన్నా నాకు గొంతు పట్టేస్తుంది.

మరి ఆ స్కెర్జో? చింపలేదు. ఇప్పటికీ ఉంది, విడిగా వాయిస్తున్నారు. 1873లో మొదటి రెండు క్వార్టెట్లు అచ్చుకిచ్చేముందు మరో స్వరకర్త బ్రామ్స్ మాత్రం ఇరవైదాకా రాసి నాశనం చేశాడంటారు. అంతటివాడు చేసినా ఆ పని నాకు నచ్చదు.

1898లో ఫిట్స్‌నర్ బృందం షోన్‌బర్గ్ క్వార్టెట్‌ను ముందు వియన్నా సంగీతకారుల సంఘంలో, డిసెంబరులో బోజెండోర్ఫర్ హాల్లో వాయించింది. జనానికి నచ్చింది. మరుసటి ఏడు షోన్‌బర్గ్ ఆరు తీగవాద్యాలకు 'వెర్‌క్లేర్టె నాఖ్ట్' రాశాడు. అందులో ఒక కార్డ్ (కలిపి పలికే స్వరాల కూర్పు) శాస్త్రంలో లేదని అదే సంఘం తిరగ్గొట్టింది. జెమ్లిన్‌స్కీ మాటకి ఒక భాగాన్నే మార్చేసినవాడు, సంఘం మాటకి ఆ ఒక్క కార్డ్ మార్చలేదు. 1902లో రోజే క్వార్టెట్ బృందం, మరో ఇద్దరిని కలుపుకుని, దాన్ని అలాగే వాయించింది.

అందుకే అడుగుతున్నాను. ఆ నలుగురిలో నీ కాగితాలు ముందేసుకుని, ఫలానా బార్ దగ్గర ఇదిగో ఇలా జారుతోందని వేలు పెట్టి చూపించింది ఎవరు? ఒక్కరున్నా వాళ్ల దగ్గరికే మళ్లీ వెళ్లు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పాత రెండో భాగం కూడా పట్టుకురా. వయోలా వరస విడిగా రాసి తెస్తే నేను వాయిస్తాను.

మామయ్య