ఎండుపండ్లు - వంటలో వాని వాడుక

ఎండుపండ్లు అనగానే పెక్కుమందికి కిరాణా దుకాణములోని గాజు జాడీలు తలపునకు వచ్చును. వానిలోని కిస్‌మిస్, ఖర్జూరము, అంజూరము కలవారి యిండ్ల వస్తువులనియు, పెండ్లిండ్లకో, బాలింతలకో, జ్వరపడి లేచినవారికో తప్ప నిత్యపు వంటకు పనికిరావనియు మన పల్లెలలో ఒక అభిప్రాయము స్థిరపడియున్నది. ఇది సరియైన అభిప్రాయము కాదు. తెలుగువారి వంటయింట ఎండుపండు లేని దినమే లేదు. చింతపండు ఎండుపండే. ఎండుమిరపకాయ కూడ వృక్షశాస్త్రము ననుసరించి ఎండుపండే. ఈ రెండును లేనిదే చారు లేదు, పులిహోర లేదు, పచ్చడి లేదు. ఒరుగులు, మాగాయ, తాండ్ర, రేగి వడియములు మన పెద్దలు మనకు అప్పగించిపోయిన విద్యలు. మన యూరి పండ్లలో ఏటేట ఎన్ని కుళ్ళిపోవుచున్నవి, వానిని ఎండబెట్టి నిత్యపు భోజనములో ఏ విధముగ చేర్చవచ్చును అనునది పంచాయతీ సభ్యులు ఆలోచింపదగిన విషయము. వ్యవహారమున వీనితో కలిపి చెప్పబడు జీడిపప్పు, బాదముపప్పు గింజలే కాని పండ్లు కావు. వాని ప్రసక్తి ఇందు లేదు.

వేసవి గాలికి రాలిన మామిడికాయలను కొనువారు అరుదు. మదనపల్లె ప్రాంతమున ధర పడిపోయిన సంవత్సరములలో రైతులు టమాటాలను రోడ్డు ప్రక్కన పారబోసిన సంగతి పత్రికలలో పలుమారులు వచ్చినదే. పండు త్వరగా చెడుటకు ముఖ్యకారణము అందలి నీరు. మామిడిపండులోను, ద్రాక్షలోను నూటికి సుమారు 80 పాళ్ళు నీరు ఉండును. టమాటాలో 94 పాళ్ళు ఉండును. బూజునకు, సూక్ష్మజీవులకు ఆ నీరే ఆధారము. దానిని నూటికి 15 పాళ్ళ వరకు తగ్గించినచో అవి పెరుగుట చాలవరకు ఆగిపోవును. సుమారు 4 కిలోల ద్రాక్షపండ్లు ఎండి 1 కిలో కిస్‌మిస్ అగును. 10 కిలోల టమాటాలు ఎండిన పిదప మిగులునది ముప్పాతిక కిలోకు మించదు. ఈ లెక్క తెలియక, ఎండుపండు ధర ఎక్కువయని పలువురు అనుకొనుచుందురు.

ఎండుటలో పోవునది, మిగులునది

నీరు పోగా పండులోని చక్కెర, పీచు, పొటాషియము, ఇనుము చిన్న పరిమాణములోనికి చేరును. విటమిన్-సి మాత్రము చాలవరకు నశించును. తీవ్రమైన ఎండ నేరుగా తగిలినచో మామిడికి పసుపు వన్నె నిచ్చునట్టియు, శరీరములో విటమిన్-ఎగా మారునట్టియు పదార్థము కూడ కొంత పోవును. అందుచేతనే పలుచని వస్త్రము కప్పి ఎండబెట్టుట మేలు.

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మందికి, తెలంగాణములో 70 మందికి రక్తహీనత యున్నది. 'ఖర్జూరము పెట్టండి, రక్తము పట్టును' అని తల్లులకు చెప్పుట అందరికి అలవాటైనది. ఈ మాటను కొంత తగ్గించి చెప్పవలసియున్నది. 100 గ్రాముల ఖర్జూరములో ఉండు ఇనుము కొలది మిల్లీగ్రాములే. పిల్లవాడు తినునది రెండు మూడు పండ్లు. పండ్లలోని, ధాన్యములలోని ఇనుమును మన శరీరము కొద్ది పాలు మాత్రమే గ్రహింపగలదు. అయితే ఆ భోజనముతోనే నిమ్మరసమో, ఉసిరికాయో, జామముక్కో తినినచో అది గ్రహించు పాలు హెచ్చును. భోజనము వెంటనే టీ త్రాగినచో తగ్గును. కావున ఖర్జూరపు పొడి కలిపిన రాగిజావ త్రాగిన పిల్లవానికి ఒక జామముక్క చేతికిచ్చుట మంచి పద్ధతి. ఆరోగ్య కార్యకర్త యిచ్చు ఇనుము మాత్రలకు ఎండుపండ్లు బదులు కావు. వైద్యుని సలహా లేక ఆ మాత్రలను మానరాదు.

వంటకములు

మామిడి ఒరుగుల పప్పుతో ఆరంభింతము. పచ్చి మామిడికాయను ముక్కలుగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి ఎండబెట్టినవే ఒరుగులు. కాయ దొరకని శ్రావణ, కార్తిక మాసములలో ఇవి అక్కరకు వచ్చును. పిడికెడు ఒరుగులను వేడినీటిలో అరగంట నాననిచ్చి, కందిపప్పు మెత్తగా ఉడికిన తరువాతనే అందులో కలుపవలెను. ముందుగా కలిపినచో పులుపు తగిలి పప్పు బద్దలు గట్టిబడి, ఎంతసేపటికిని ఉడుకవు. కట్టెలు కూడ వృథా. ఒరుగులలో ఉప్పు ముందే యుండును గనుక పప్పులో ఉప్పు తగ్గించి, రుచి చూచి వేసికొనవలెను. నానిన నీటిని పారబోయక పప్పులోనే పోయవలెను. టమాటా ఒరుగులకును పద్ధతి ఇదియే. వానిని వేయించి పొడిచేసి, కందిపొడిలో కొద్దిగా కలుపుకొన్నచో అన్నములోనికి బాగుండును.

రేగి వడియములు నేడు బస్సు స్టాండులలో చిన్న చిన్న పొట్లములుగా అమ్ముచున్నారు. వీనిని ఇంటిలో చేయుట అతి సులభము. పుల్లని నాటు రేగుపండ్లు 1 కిలో కడిగి, తడి ఆరిన పిదప, పావుకిలో బెల్లము, నాలుగైదు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు చేర్చి రోటిలో తేలికచేతితో దంచవలెను. గింజ పగులరాదు. చిన్న బిళ్ళలుగా తట్టి మూడు నాలుగు రోజులు ఎండబెట్టినచో చాలును. వీనిలో గింజ యుండును గావున చిన్నపిల్లలకు ఇవ్వరాదు.

తాండ్రకు విజయనగరం జిల్లాలోని భీమాళి గ్రామము, గోదావరి తీరమున ఆత్రేయపురము పేరుపొందినవి. పండిన మామిడి గుజ్జును వడకట్టి, బెల్లము గాని చక్కెర గాని కలిపి, చాపపై పలుచగా పూసి, అది ఎండిన పిమ్మట దానిపై మరియొక పూత పూయుచు, కొన్ని దినములు గడచిన మీదట తాండ్ర తయారగును. ఒక పూత బాగుగ ఎండక మునుపే మరియొకటి పూసినచో లోపల పులియును. తాండ్రను నమలి తినుట యందరు ఎరిగినదే. దానిని ముక్కలు చేసి వేడినీటిలో నానవేసి, మెదిపి, రవ్వకేసరి దించబోవు సమయమున కలిపినచో ఆ కేసరికి చక్కెర సగము చాలును. పాలు పోసి వండిన వంటకములో మాత్రము తాండ్ర వేయరాదు. పులుపునకు పాలు విరిగిపోవును. పరమాన్నములో కిస్‌మిస్ వేయునపుడు కూడ ఈ జాగ్రత్త కొంత అవసరము. పచ్చి కిస్‌మిస్‌ను పాలలో వేసి మరిగింపక, నేతిలో ఉబ్బువరకు వేయించి, గిన్నె పొయ్యి మీదినుండి దించిన తరువాత కలుపవలెను. బెల్లము కూడ అప్పుడే.

ఖర్జూరములో రెండు రకములు దొరకును. గట్టిగా, ముడుతలు పడి యుండునది ఎండు ఖర్జూరము. మెత్తగా, జిగురుగా యుండునది పండు ఖర్జూరము. ఎండు ఖర్జూరమును గింజ తీసి, చిన్న ముక్కలు చేసి, మందపు మూకుడులో సన్నని సెగపై తడి పోవునట్లు వేయించి, చల్లారిన పిదప దంచినచో పొడియగును. రాగిజావలోను, సజ్జరొట్టె పిండిలోను బెల్లమునకు బదులు దీనిని వాడవచ్చును. పండు ఖర్జూరమును వేయించిన నువ్వులు, వేరుశనగపప్పులతో కలిపి దంచినచో పాకము పట్టనక్కరలేకయే ఉండ కట్టును. పాకము ముదిరినదో లేదో యను బెంగ లేని మిఠాయి ఇది. కొత్త కోడండ్రకు ఈ సౌకర్యము తెలియును! గింజ తీసిన ఖర్జూరమును చింతపండు పులుసుతో ఉడికించి, ఎండుమిరపకాయ, జీలకర్ర, ఉప్పు చేర్చి రుబ్బిన పచ్చడి దోసెలకు, రొట్టెలకు తగును.

కిస్‌మిస్ మనకు ఎక్కువగా మహారాష్ట్రలోని సాంగ్లీ, నాసిక్ ప్రాంతముల నుండి వచ్చును. అచ్చట ద్రాక్షగుత్తులను పొటాషియము కార్బొనేటు, ఒక విధమైన నూనె ద్రవము కలిపిన నీటిలో ముంచి, తొక్కపై నున్న మైనపు పొర సడలిన పిదప, పందిళ్ళలో నీడకు ఆరవేయుదురు. బంగారు వన్నె కిస్‌మిస్‌కు గంధకపు పొగ పట్టుట కూడ కలదు. ఉబ్బసపు రోగులలో కొందరికి అది సరిపడదు. ఏ రకమైనను గోరువెచ్చని నీటిలో రెండుసార్లు కడిగి వాడుట మంచిది. మిఠాయిలలోను, బ్రెడ్డులోను కనబడు ఎఱ్ఱని, పచ్చని 'టూటీ ఫ్రూటీ' ముక్కలు పచ్చి బొప్పాయిని చక్కెర పాకములో నానబెట్టి రంగు వేసినవి. వానిని ఎండుపండ్లని భ్రమింపరాదు.

పొయ్యిపై కేకు

కేకు, బిస్కెట్టు పట్టణపు బేకరీల నుండియే రావలెనని లేదు. మందపాటి పెద్ద గిన్నెలో అంగుళము మందమున శుభ్రమైన ఇసుక పోసి, నడుమ ఒక చిన్న కంచు దిమ్మెనో, మట్టి మూతనో ఉంచి, మూతవేసి పది నిమిషములు కాచినచో అదియే ఓవెన్ అగును. గింజ తీసిన పండు ఖర్జూరము 200 గ్రాములు ఒక గ్లాసెడు (250 మిల్లీలీటర్లు) వేడిపాలలో అరగంట నానవేసి రుబ్బవలెను. అందు అరగ్లాసుకు తక్కువగా నూనె, 150 గ్రాముల జల్లించిన గోధుమపిండి, ముప్పాతిక చెమ్చా వంటసోడా కలిపి, నూనె రాచిన పళ్ళెములో పోసి, ఆ గిన్నెలో నుంచి, మూతపెట్టి, సన్నని సెగపై సుమారు 40 నిమిషములు ఉంచవలెను. కత్తి మొన గ్రుచ్చి తీసినప్పుడు పిండి అంటకున్నచో ఉడికినట్లు. ఇందు చక్కెర అక్కరలేదు. పైగా కిస్‌మిస్ వేయదలచినచో, పది నిమిషములు నానబెట్టి, తుడిచి, పొడిపిండిలో దొర్లించి వేయవలెను. నానబెట్టనిచో అవి పిండిలోని తడిని పీల్చుకొనును. పొడిపిండి పట్టించనిచో అడుగుకు దిగిపోవును.

పిల్లల విషయమున మూడు మాటలు చెప్పుట అవసరము. పురిటి బిడ్డలకు కిస్‌మిస్ నానిన నీరు పట్టుట కొన్ని యిండ్లలో నేటికిని ఆచారముగా నున్నది. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప నీరైనను ఇవ్వరాదని వైద్యుల మాట. అయిదేండ్ల లోపు పిల్లలకు కిస్‌మిస్‌ను, ఖర్జూరమును అట్లే ఇచ్చినచో గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు. నానబెట్టి మెదిపి పెట్టవలెను. ఎండుపండు పండ్లకు అంటుకొనును గావున తిన్న పిదప నోరు పుక్కిలింప నేర్పవలెను. మధుమేహము కలవారు పరిమాణము విషయమై వైద్యుని అడుగుట ఉత్తమము.

ఎండబెట్టు చోటు

1992లో ఆమోదింపబడిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చి, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొన్నది. ఆహార పరిశ్రమలతో కూడిన చిన్న పరిశ్రమలు, స్త్రీ శిశు సంక్షేమము, ఆరోగ్యము, పారిశుద్ధ్యము ఇందున్నవి. ఎండుపండ్ల పని ఈ అంశము లన్నింటికిని సంబంధించినదే. మన యూళ్ళలో మిరపకాయలు, చింతపండు, ఒరుగులు తరచుగా తారురోడ్డు ప్రక్కనే ఎండుట చూచుచున్నాము. దుమ్ము, బండ్ల పొగ, కుక్కలు, కోళ్ళు - ఇవి చూచిన పిదప ఆ పచ్చడి తినబుద్ధి పుట్టదు. ఊరి పొరంబోకు నేలలో గాలి బాగుగ తగులు చోట, మోకాలెత్తు మంచెలు వేసి, వానిపై వల పరచి, ఈగలు దూరకుండ పైన మరియొక సన్నని వల కప్పుటకు పెద్ద ధనము అక్కరలేదు. కోస్తా తీరములో గాలియందు తేమ హెచ్చు గనుక, పారదర్శక ప్లాస్టిక్ కప్పిన సౌర ఆరబెట్టు యంత్రము మేలు. లోపలి వేడి 60 డిగ్రీలకు మించకుండ చూచుకొనవలెను. మించినచో ముక్క పైన గట్టిపడి లోపల తడి నిలిచిపోవును.

ఎండిన ముక్కను వంచి చూచినపుడు తడి ఊరరాదు. అట్టివానిని సీసాలో మూడింట రెండు వంతులు నింపి, వారము రోజులు ప్రతిదినము కుదుపుచుండవలెను. ఒక ముక్కలో మిగిలిన తడి అన్నింటికిని సమముగ సర్దుకొనును. గాజుకు లోపలి వైపున చెమట పట్టినచో మరల ఎండలో వేయవలెను. బూజు పట్టినది ఎంత కొంచెమైనను పారవేయవలెను. బూజును తుడిచి వాడుట అపాయకరము. అందలి విషము వంటవేడికి చావదు.

అమ్మకమునకు చేయదలచిన మహిళా సంఘములు 2006 ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేసికొనవలెను. పొట్లముపై తయారీ తేదీ, బరువు, కలిపిన పదార్థములు ముద్రింపవలెను. చిన్న ఆహార పరిశ్రమలకై కేంద్రము 2020లో ఆరంభించిన పథకము క్రింద సహాయము ప్రస్తుతము ఏ మేరకు లభించునో జిల్లా ఉద్యానశాఖలోను, బ్యాంకులోను విచారించి తెలిసికొనవచ్చును. రేగుపండ్లు సంక్రాంతి నాటికి పండును. చింతపండు మాఘ ఫాల్గుణములలో దిగును. మామిడి చైత్రము నుండి. మంచెలు వేయు తీర్మానము కార్తికమాసపు సమావేశములో జరిగినచో ఈ మూడు పంటలకును అవి అందివచ్చును.