బండ మూయకముందు

మాచర్ల

అమ్మాయీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఊరి కబుర్లన్నీ చెప్పి, చివర్లో అసలు సంగతి బయటపెట్టింది. స్నానాల గది తలుపు గోడకు కొట్టుకుంటోందని నువ్వే డ్రిల్లు మిషన్ తెచ్చుకుని నేలకు స్టాపర్ బిగించబోయావట. బండ కింద పైపుకి చిల్లు పడి నీళ్ళు ఎగజిమ్మాయట. మేస్త్రీ చేత బండ లేపించి, పైపుకి ఎం-సీల్ అద్దించి, వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్ళు వచ్చేలోపు బండ అతికించెయ్యమన్నావట. నాకు తెలిస్తే బెంగపడతానని చెప్పొద్దన్నావట కూడా. బెంగపడ్డాను, అందుకే రాస్తున్నాను. చెప్పినందుకు మీ అమ్మను ఏమీ అనకు.

డ్రిల్లు పట్టినందుకు నేను తప్పు పట్టను. అల్లుడు వారమంతా హైదరాబాదులో ఉంటే, ఎవరో వచ్చి చెయ్యాలని కూర్చోకుండా నువ్వే పనిలోకి దిగడం నాకు నచ్చింది. మీ నానమ్మా అంతే. తాడు తెగి బొక్కెన బావిలో పడితే పాతాళగరిగె తనే వేసి తీసేది, మగవాళ్ళ కోసం చూసేది కాదు. కానీ నీళ్ళు చిమ్ముతున్న నేల మీద చేతిలో కరెంటు మిషనుతో నిలబడ్డావన్నది తలుచుకుంటే రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీకేమీ కాలేదు, అదే పదివేలు. ఇకముందు ఎప్పుడైనా ఇలా అయితే ముందు బోర్డులో మెయిన్ ఆపెయ్యి. తరవాత డాబా ఎక్కి ట్యాంకు కింద గేట్ వాల్వు కట్టెయ్యి. నేల తుడుచుకోవడం ఆ తరవాతి సంగతి.

మీ అమ్మ పంపిన ఫొటోను మనవడు పెద్దది చేసి చూపించాడు. పైపు లేత మీగడ రంగులో ఉంది, అంటే సీపీవీసీ, వేన్నీళ్ళకు కూడా తట్టుకునే రకం. చిల్లు పెసరగింజంతే. కానీ దాని పక్కనుంచి రెండంగుళాల మేర తెల్లటి గీత పోతోంది చూడు, డ్రిల్లు అదురుకి పైపు చీలిన గుర్తు అది. ఎం-సీల్ చిల్లును మూస్తుందేమో గాని చీలిక పాకడాన్ని ఆపలేదు. పది మీటర్ల ఎత్తున నీళ్ళుంటే కింద చదరపు సెంటీమీటరు మీద దాదాపు కిలో బరువు పడుతుంది. మీ డాబా ఎత్తుకి అందులో సగం వేసుకో. రాత్రీ పగలూ అది నొక్కుతూనే ఉంటుంది. ఎవరైనా కుళాయి చటుక్కున కట్టేసినప్పుడల్లా పైన ఇంకో దెబ్బ.

మూసేశాక ఆ కారే నీళ్ళు ఎక్కడికి పోతాయి? మన నరసరావుపేట ఇంటి పునాదుల కింద ఉన్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు బారుతుంది. కారేటప్పుడు చప్పుడుండదు. ముందు బండల సందుల్లో చెమ్మ వస్తుంది, తరవాత గోడ అడుగున సున్నం పొలుసులు రాలుతుంది, ఆ తరవాత తలుపు గుమ్మానికి పట్టేస్తుంది. గురజాలలో మన చుట్టాలింట్లో ఒక ఎండాకాలం వంటగది మధ్యలో బండలు రెండు వేళ్ళ మందాన పైకి లేచాయి. కింద పుట్ట పెరుగుతోందని ఎవరో అంటే పాలు పోశారు, పూజలు చేశారు. చివరికి తవ్వి చూస్తే ఎప్పుడో మేకు దిగిన పైపు. ఆ ఇంటి మధ్యగోడ పగులు ఇప్పటికీ పూడలేదు.

కాబట్టి అతుకు వేసి ఊరుకోకుండా చెడిన ముక్కనే తీసెయ్యాలి. చీలిక ఆగిన చోటు దాటి అటూ ఇటూ నాలుగేసి వేళ్ళు వదిలి, హాక్సా బ్లేడుతో వంకర లేకుండా కోయించు. కోసిన అంచున వేలాడే పొట్టు చాకుతో గీకించు. మధ్యలో కొత్త ముక్క, రెండు చివర్లా రెండు కప్లింగులు. పైపును కాస్త పైకెత్తితే గాని ముక్క కూర్చోదు గనక పక్క బండ కూడా లేపాల్సి రావచ్చు, లేపనీ. తేలిగ్గా అయిపోతుందని ప్లంబరు యూనియన్ జాయింటు పెడతానంటాడు. నేల కింద యూనియన్ వద్దను, దాని లోపలి రబ్బరు వాచరు ఎప్పటికో ఒకప్పటికి గట్టిపడి కారుతుంది. కొత్త పైపు ఒంటి మీద ఐఎస్ 15778 అనే అచ్చు ఉండాలి. సొల్యూషన్ డబ్బా మీద సీపీవీసీ అని ఉందో లేదో నువ్వే చదువు. మామూలు పీవీసీ సొల్యూషన్ రాసినా అతుక్కున్నట్టే కనిపిస్తుంది, గీజరు నీళ్ళు పారినప్పుడు దాని సంగతి తెలుస్తుంది. పైపులో మిగిలిన నీళ్ళు పూర్తిగా వంచేసి, చివర్లు నూలుగుడ్డతో పొడిగా తుడిచి, సొల్యూషన్ రాసి, లోపలికి తోస్తూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం అలాగే పట్టుకోవాలి. ఆ తరవాత ఒక రోజంతా నీళ్ళు వదలొద్దు. ఆ రోజుకి స్నానాలు పక్కింట్లో చెయ్యండి, వాళ్ళు మనవాళ్ళే.

బండలు జాగ్రత్త తల్లీ. అవి మీ తాతయ్య ఇక్కడ మాచర్ల క్వారీ దగ్గర తనే నిలబడి ఏరి, లారీకెత్తించిన నాపరాళ్ళు. ఇప్పుడు మిషను కోసిన బండలు ఎన్నైనా దొరుకుతాయి గాని ఆ మందం, ఆ నీలిబూడిద రంగు కలవవు. సందుల్లో సిమెంటు సన్న ఉలితో గీకి తీశాక, గడ్డపార మొన కింద గోనెపట్టా మడిచి పెట్టి లేపితే అంచు విరగదు. ఏది ఎక్కడిదో వెనక సుద్దముక్కతో అంకె వేయించు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. మూసే ముందు ఆ పైపు దారిని కాగితం మీద పెట్టు. చిల్లు పడడంలో నీ తప్పేం లేదు. స్నానాల గది తిరగకట్టినప్పుడు పైపు ఎటు తిప్పారో ఎవరూ రాసిపెట్టలేదు, అదీ తప్పు. పల్నాడులో ఏ ఇంటికైనా వెళ్ళి మీ నేల కింద పైపు ఎటు పోతుందని అడుగు, మేస్త్రీకి తెలుసంటారు. ఆ మేస్త్రీ ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. పొలం గట్టు జానెడు జరిగితే సర్వేయరును పిలిచి కొలిపించుకునే మనం, రోజూ తిరిగే నేల కింద ఏముందో పట్టించుకోకపోవడం నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

నేను నాగార్జునసాగర్ కుడికాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినన్నాళ్ళూ చూశాను. 203 కిలోమీటర్ల కాలువ అది. ఏ తూము ఎన్నో కిలోమీటరు దగ్గర ఎంత లోతున ఉందో డ్రాయింగు ఉండేది. మట్టిలో కూరుకుపోయిన తూమును కూడా ఆ కాగితం పట్టుకుని నడిచి, ఇక్కడ తవ్వండంటే అక్కడే దొరికేది. అంతెందుకు, నాగార్జునకొండ చూడు. సాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. లోయంతా మునిగిపోతుందని ముందే తెలుసు గనక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖవాళ్ళు ఆ నేలంతా తవ్వారు. ఇక్ష్వాకుల నాటి స్తూపాలు, విహారాలు, స్నానఘట్టాలు కొలిచి గీసుకున్నారు. ఆ కొలతలు ఉండబట్టే కొన్నిటిని కొండ మీదా, మరికొన్నిటిని అనుపులోనూ తిరిగి నిలబెట్టగలిగారు. చిన్నప్పుడు నిన్ను అనుపు తీసుకెళ్ళాను గుర్తుందా? ఆ మెట్ల రంగస్థలంలో నిలబడి చప్పట్లు కొట్టి, మళ్ళీ వినపడుతోంది పెదనాన్నా అని గంతులేశావు. ఒక జడ రిబ్బను ఎక్కడో ఊడిపోయింది, దానికోసం బస్సెక్కేదాకా ఏడ్చావు.

సాగర్ మాట వచ్చింది గనక ఇంకో సంగతి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలిన రోజు మీ తాతయ్య నన్నూ మీ నాన్ననూ వెంటబెట్టుకుపోయాడు. ఆ జనంలో మీ నాన్న చెప్పు ఒకటి పోయింది, మిగిలినదాన్ని చంకలో పెట్టుకుని నడిచాడు. ఆ తరవాత కొన్నేళ్ళకు నరసరావుపేట ఇంటికి కుళాయి వేయించినప్పుడు పైపుల సాయిబుకి సామాను అందించింది మేమిద్దరమే. మర ఉన్న చోటల్లా జనపనార చుట్టి, తెల్లసీసం పూసి, పైపు రెంచితో బిగించేవాడు. మీ నాన్న ఉంటే ఈ ఉత్తరం నా అవసరం లేకుండా నీకన్నీ వాడే చూపించేవాడు. ఆ ఇనప పైపు, అంటే మునిసిపాలిటీ కుళాయి నుంచి సంపుకి వచ్చేది, ఇప్పుడు నువ్వు తవ్వించిన గుంటకు ఎడమచేతి వైపునే పోతుంది. అది ఎక్కడ వంపు తిరిగిందో తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే మిగిలాను. బండ లేపేటప్పుడు గడ్డపార దానికి తగిలిందేమోనన్నదే నా అసలు భయం.

ఎందుకంటే మునిసిపాలిటీ పైపులో నీళ్ళు రోజంతా ఉండవు. వచ్చే కాసేపు చిల్లులోంచి బయటికి కారతాయి. ఆగిపోయాక ఖాళీ అయిన పైపు చుట్టూ ఉన్న బురదను లోపలికి పీల్చుకుంటుంది. కుళాయికి మోటారు పెట్టి లాగితే మరీను. మీ మరుగుదొడ్డి పైపు అక్కడికి రెండు అడుగుల దూరం కూడా లేదు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు తాగేనీళ్ళలో మురుగు కలిసి వాంతులు, విరేచనాలతో ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారో, ఎన్ని ప్రాణాలు పోయాయో మనమంతా చూశాం. తాగడానికి క్యాన్లు కొంటున్నాం కదా అనకు. బియ్యం కడిగేదీ, పిల్ల పళ్ళు తోమేదీ ఆ సంపు నీళ్ళతోనే.

అందుకని గుంట పొడిగా తుడిపించి, ట్యాంకు వాల్వు కట్టేసి, కుళాయి నీళ్ళు వచ్చే వేళకు అక్కడే కూర్చుని చూడు. అప్పుడు చెమ్మ ఊరితే దెబ్బ తగిలింది ఇనప పైపుకే. దాన్ని మళ్ళీ అతికించే ప్రయత్నం చెయ్యొద్దు, అన్నేళ్ళ తుప్పుకి రెంచి పెడితే ఇంకోచోట ఊడుతుంది. దాన్నలా వదిలేసి కొత్త లైను గోడ వెంట పైనుంచే వేయిద్దాం. అందంగా లేకపోతే పోయె, కంటికి కనిపిస్తూ ఉంటుంది. సంపూ ట్యాంకూ ఖాళీ చేయించి, బ్లీచింగుతో కడిగించాకే వాడుకోవాలి.

ఇనప పైపు బాగుంటే, కొత్త అతుకు ఆరాక వాల్వు తిప్పి, అతుకుల కింద పాత పేపరు పరిచి ఉంచు. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద మచ్చ కడుతుంది. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటిమట్టం గుర్తు పెట్టుకో, పొద్దున్న చూడు. తడిసిన రేగడి ఎత్తి బయట పోయించి, గుంట గాలికి ఆరనిచ్చి, పైపు చుట్టూ రాళ్ళు లేని ఇసుకే పోయించు. తడి మీద మూస్తే మట్టి ఎండాక బండ డొల్లపడుతుంది.

పేరంటం సంగతి ఆలోచించకు. వచ్చేవాళ్ళు ముందు గదిలో కూర్చుంటారు. గుంట మీద బలమైన చెక్క వేసి, పిల్ల అటు పోకుండా చూసుకో.

బుధవారం తెల్లవారుజాము బస్సుకి బయల్దేరతాను. టేపు నా దగ్గరుంది, నువ్వు గళ్ళ కాగితాల పుస్తకం ఒకటి కొని ఉంచు. రెండు గోడల నుంచి దూరం, లోతు, వంపులు, పైపు సైజు, తేదీ అన్నీ రాద్దాం. ఒక ప్రతి మీటరు బోర్డు తలుపు లోపల అంటిద్దాం, ఇంకోటి దస్తావేజులతో ఉంటుంది. టేపు పరిచి ఫొటోలు కూడా తియ్యి. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి కట్టి ఇస్తోంది. నేను వచ్చేదాకా ఆ బండ మాత్రం మూయనివ్వకు తల్లీ.

మీ పెదనాన్న