శిమిలిగూడ రైలుస్టేషన్ చరిత్ర

సెలవులిస్తే మనలో చాలామందిమి మద్దిలపాలెంలో సిటీబస్సెక్కి రైలుస్టేషన్‌కి పోయి, కిరండూల్ పాసింజరు పట్టుకుంటాం. బొర్రా గుహలు, కరకవలస దాటాక ఒక చిన్న స్టేషన్ వస్తుంది. అదే శిమిలిగూడ. దాని చరిత్ర తెలుసుకుందాం.

ఈ లైను మన ప్రయాణాల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లో బైలదిల్లా కొండల నిండా ఇనుప రాయి ఉంది. దాన్ని విశాఖ రేవుకి దించి, ఓడల్లో జపాన్‌కి పంపాలని 1960లో పని చేపట్టారు. 1966-67లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను తెరిచారు. దారిలో కొండలు తొలిచి 58 సొరంగాలు చేశారు.

శిమిలిగూడ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలో ఇదే ఎత్తైనదని చాలా ఏళ్ళు పేరు. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడిచాక ఆ పేరు పోయింది. పేరు పోతే ఏం, ఎత్తు తగ్గలేదు కదా! అరకు నుంచి వచ్చినా, కొత్తవలస నుంచి వచ్చినా బండి ఇక్కడికి ఎక్కాల్సిందే. రాయి గూడ్సుకి అందుకే ఎక్కువ ఇంజన్లు తగిలిస్తారు.

రాయి కోసం వేసిన పట్టాల మీదే మన మన్యపోళ్ళు ఆసుపత్రికి, చదువులకి కిందికి దిగుతున్నారు. కిందికి దిగిన రాయి మళ్ళీ కొండెక్కదు. మనం మాత్రం టీచర్లమై, నర్సులమై తిరిగి ఎక్కాలి.

ప్రశ్నలు:
1. ఈ లైను ఎందుకు వేశారు?
2. శిమిలిగూడ ఎత్తు ఎంత?
3. మీ ఊరికి దగ్గర స్టేషన్ ఏది? దాని కథ పెద్దవాళ్ళనడిగి రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని